నీటి మీద ఒక చోటు

నేను ఒక చిన్న జీపీఎస్ యంత్రాన్ని. సబ్బుపెట్టెకంటే కాస్త పెద్దగా ఉంటాను. భూమ్మీద నేనెక్కడున్నానో చెప్పడం తప్ప వేరే విద్య రాదు. అది చెప్పాలన్నా నాకు ఆకాశం కనబడాలి. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు క్షణక్షణమూ తమ వేళ చెబుతూ ఉంటాయి. ఆ మాట నన్ను చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. నాలుగింటి మాట వినబడితే చాలు, ఏది ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసుకుని, ఉత్తరానికి ఇంత, తూర్పుకు ఇంత అని తెర మీద రెండు వరసల అంకెలు వేస్తాను. ఇన్నేళ్లు చేసినా ఇది నాకు మామూలు పనిగా తోచలేదు.

నేను పుట్టిన ఫ్యాక్టరీకి కిటికీలు లేవు. ఆకాశాన్ని మొదట చూపించింది శశిరేఖ అనే సర్వే ఇంజనీరు. గోదావరి ఇసుకతిన్నె మీద నిలబడి ఆవిడ నా మీట నొక్కింది. పైనున్నవి ఒక్కొక్కటే పలికాయి. ఇంత పెద్ద లోకంలో నేనున్నది ఈ ఇసుక మీదే అని తెలిసినప్పుడు కలిగిన ఆశ్చర్యం ఈనాటికీ తగ్గలేదు.

డ్యామ్ కడుతున్నారు. నీళ్లు వెనక్కి తన్నితే ఒడ్డునున్న తెల్లమద్దిగూడెం మునిగిపోతుంది. మునిగే ముందు ఆ ఊళ్లో ఏది ఎక్కడుందో గుర్తించడం శశిరేఖ పని. నన్ను చేత్తో పట్టుకుని వీధి పొడవునా నడిచింది. బావి దగ్గర ఒకసారి, బడి దగ్గర ఒకసారి, ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఒకసారి ఆగి మీట నొక్కింది. మొత్తం నలభై మూడు చోట్లు నాలో భద్రమయ్యాయి. పని ముగిశాక, తనను రోజూ లాంచీలో తిప్పిన సరంగు పోలయ్య చేతిలో నన్ను పెట్టింది.

"ఇది నా సొంతం పోలయ్యగారూ, ఆఫీసుది కాదు. మీకు పనికొస్తుంది, ఉంచుకోండి."

లాంచీ నడపడంలో పోలయ్యకు ముప్పయ్యేళ్ల అనుభవం. ఆయన నన్ను తిరగేసి చూశాడు.

"నా కళ్లకి తెలీని గోదారి దీనికేం తెలుస్తాదండీ? సరే, మీరిచ్చారు గాబట్టి ఉంచుతాను" అని చుక్కాని చక్రం పక్కనున్న అరలో పెట్టాడు.

ఆయనన్నదీ నిజమే. నీటి రంగు చూసి లోతు చెప్పేవాడు. ఏ కొండ మొన ఏ చెట్టుకు సూటిగా వస్తే చక్రం తిప్పాలో ఆయనకు తెలుసు. రెండేళ్లు నన్ను ఒక్క మాటా అడగలేదు. నాకూ కోపం రాలేదు. ఆకాశం నుంచి ఏ కబురూ లేకుండా అంత సరిగ్గా దారి తెలుసుకునే మనిషిని చూస్తూ కూర్చోవడమే బాగుండేది.

తర్వాత నీళ్లొచ్చాయి. ఊరు ఖాళీ అయింది. ఇళ్లు, బడి, తాటిచెట్లు ఒక్కొక్కటే నీటి కిందికి వెళ్లిపోయాయి. నది వెడల్పు మూడింతలైంది. కొండ మీది గూడేలకు ఇక లాంచీయే దారి. పోలయ్య లాంచీని ఆసుపత్రి పనికి పెట్టారు. అందులో నర్సు బుల్లెమ్మ వెళ్లేది. ఆమెది మునిగిపోయిన తెల్లమద్దిగూడెమే.

ఒక డిసెంబరు పొద్దున, కొండ మీది గూడెం నుంచి జోగమ్మ అనే నిండు చూలాలిని లాంచీ ఎక్కించారు. తొలి కాన్పు. రాత్రి నుంచీ నొప్పులు పడుతోంది, కాళ్లు వాచిపోయాయి. ఆమె భర్త బొర్రయ్య వెంట వచ్చాడు. ఒడ్డు విడిచి పావుగంటైనా కాలేదు, మంచు కమ్మేసింది. లాంచీ ముందు భాగం కూడా కనబడకుండా పోయింది. పోలయ్య ఇంజను నెమ్మది చేశాడు.

"సిస్టరమ్మా, నాకేం కనపడ్డం లేదు. నీళ్ల కింద తాటిమొద్దులు నిలువునా ఉన్నాయి. గుద్దుకున్నామంటే అడుగు చీలిపోద్ది. మంచు ఇడిపోయేదాకా ఆగుదామా?"

"ఆగితే రెండు ప్రాణాలు పోతాయి బాబాయ్. బీపీ బాగా ఎక్కువుంది."

పోలయ్య కాసేపు తెల్లటి మంచులోకి చూశాడు. తర్వాత అరలోంచి నన్ను తీసి, తుడిచి, ఆమె చేతికిచ్చాడు. "ఇందులో ఇంగిలీషు రాత ఉంది. సదవండి."

నాకు మంచు అడ్డం కాదు. తొమ్మిది ఉపగ్రహాలు చక్కగా వినబడుతున్నాయి. తెర మీద శశిరేఖ గుర్తులు చుక్కల్లా వెలిగాయి. బుల్లెమ్మ గుర్తుపట్టింది.

"బాబాయ్, ఇది మా వీధి! రెండు పక్కలా స్తంభాలు గుర్తుపెట్టారు. చెట్లన్నీ పెరళ్లలోనే ఉండేవి, వీధిలో ఒక్కటీ లేదు. ఈ స్తంభాల మధ్యనే పోతే ఏదీ తగలదు."

"అయితే చెప్పండమ్మా. మీరు చెప్పినట్టు తిప్పుతాను."

నాకొక బలహీనత ఉంది. లాంచీ ఆగితే నా బాణం ఎటు చూపాలో తెలియక తికమకపడుతుంది. కదులుతుంటేనే దిక్కు చెప్పగలను. పోలయ్య అది రెండు నిమిషాల్లో పసిగట్టి, వేగం తగ్గించాడే తప్ప లాంచీని ఆపలేదు. బొర్రయ్య ముందు నిలబడి గెడతో నీళ్లను తడుముతున్నాడు.

"కొంచెం ఎడమకి. చాలు. ఇది బావి. తిన్నగా పోనివ్వండి." బుల్లెమ్మ గొంతు క్రమంగా మారింది. "ఇది బడి... ఇది మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు. దాని పక్కది మాది."

ఆమె చిన్నప్పుడు పరిగెత్తిన వీధి పైన, నలభై అడుగుల ఎత్తున, మేమంతా తేలుతూ వెళ్తున్నాం. కనిపించని ఆకాశం నుంచి కబురు తీసుకుని, కనిపించని ఊళ్లో దారి చూపిస్తున్నాను. రెంటి మధ్యా ఒక చూలాలి మూలుగు, ఇంజను చప్పుడు. నా బతుకులో అంతకంటే పెద్ద గడియ మరొకటి లేదు.

వీధి దాటాం. "ఇక మా ఊరి కళ్లాలే బాబాయ్" అంది బుల్లెమ్మ. అక్కడితో నాకు తెలిసిన గుర్తులూ అయిపోయాయి. వంద గజాలైనా పోకముందే అడుగున గీరిన చప్పుడైంది, ఇంజను ఆగిపోయింది. ఎవరికీ తెలియని పాత తీగేదో నీటి కింద తిరిగే ఫ్యానుకు చుట్టుకుంది. పోలయ్య లంగరు వేసి వైర్‌లెస్ అందుకున్నాడు. రేవులో శేషగిరి అనే ఆపరేటరు పలికాడు. డాక్టరుతో మరో లాంచీ సిద్ధంగా ఉందనీ, ఎక్కడున్నారో చెబితే వెంటనే పంపుతాననీ అన్నాడు.

పోలయ్య నన్ను దగ్గరగా పెట్టుకుని అంకెలు చదివాడు. "పదిహేడు... ఇరవయ్యెనిమిది... ఆరొందల పద్నాలుగు. రెండోది ఎనభయ్యొకటి... ముప్పై... రెండొందల ఏడు."

కాసేపటికి శేషగిరి గొంతు వినబడింది. "పోలయ్యా, సరిగ్గా చూసి చెప్పు! కంప్యూటర్లో మీ లాంచీ ఎక్కడో పొలాల్లో చూపిస్తోంది. అక్కడ గోదారే లేదు!"

పోలయ్య ముఖం పాలిపోయింది. నా వైపు చూసిన చూపులో నింద ఉంది. నోరుంటే అరిచేదాన్ని. నేను అబద్ధం చెప్పలేదు.

జోగమ్మ చేతిని వదలకుండానే బుల్లెమ్మ తల తిప్పింది. "మీరెలా చెప్పారు బాబాయ్? మళ్లీ చదవండి."

చదివాడు. ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"ఇటివ్వండి. శేషగిరిగారూ, పదిహేడు తర్వాత పాయింటు పెట్టి కొట్టేశారా? అలా కాదు. పదిహేడు డిగ్రీలు. ఆ తర్వాత ఇరవై ఎనిమిది నిమిషాలు. పాయింటు నిమిషాల తర్వాత వస్తుంది, ఆరు ఒకటి నాలుగు. గడియారంలోలాగే డిగ్రీకి అరవై నిమిషాలు. ఎనభై ఒకటి కూడా అంతే. రాసుకుని నాకు తిరిగి చదివి వినిపించండి."

అతను చదివాడు. వైర్‌లెస్‌లో కంప్యూటర్ మీటలు నొక్కిన చప్పుడు వినబడింది. "దొరికారు! నీళ్లలోనే ఉన్నారు! లాంచీ బయల్దేరుతోంది, సిస్టర్!"

"ఇదంతా మీకెలా తెలుసమ్మా?" అన్నాడు పోలయ్య.

"ఏడో తరగతిలో మా సోషలు మాస్టారు చెప్పారు బాబాయ్. ఇందాక దాటొచ్చామే, ఆ బళ్లోనే."

డాక్టరు వచ్చేవరకు బిడ్డ ఆగలేదు. ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. బుల్లెమ్మ నోరు శుభ్రం చేసి, వీపు రుద్దుతూ ఉంది. బొర్రయ్య గెడను పట్టుకుని కొయ్యలా నిలబడిపోయాడు. తర్వాత ఆ పిల్ల ఒక్కసారిగా కేరుమంది. పోలయ్య తలపాగా తీసి కళ్లు తుడుచుకున్నాడు.

కానీ జోగమ్మకు రక్తస్రావం ఆగడం లేదు. బుల్లెమ్మ ఇంజెక్షను చేసి, రెండు చేతులతో పొత్తికడుపు నొక్కుతూ కూర్చుంది. అరగంట గడిచాక మంచులోంచి హారను వినబడింది. పోలయ్య కంచాన్ని గరిటెతో మోగించాడు. తెల్లదనంలోంచి నెమ్మదిగా ఒక లాంచీ ముక్కు బయటపడింది. అది మాకు పది గజాల దూరంలో ఉంది. డాక్టరు ఇటు దూకాడు. సాయంత్రానికి జోగమ్మ కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగిందని తర్వాత విన్నాను.

నాలుగు రోజుల తర్వాత, బిడ్డ పుట్టుకను నమోదు చేయించడానికి బుల్లెమ్మ ఆఫీసుకు వెళ్లింది. పోలయ్యను అడిగి తెచ్చుకున్న నేను ఆమె సంచీలో ఉన్నాను.

"పుట్టిన ఊరు?" అడిగాడు గుమస్తా.

"తెల్లమద్దిగూడెం."

అతను కంప్యూటర్లో వెతికాడు. "ఆ ఊరు జాబితాలోంచి తీసేశారమ్మా. ఇప్పుడు లేదు. ఆసుపత్రి పేరు రాసెయ్యనా?"

"పిల్ల ఆసుపత్రిలో పుట్టలేదండీ. మా ఊరి కళ్లం మీద పుట్టింది."

గుమస్తాకు అర్థం కాలేదు. బుల్లెమ్మ నన్ను తీసి బల్ల మీద పెట్టి, ఆ రోజు మీట నొక్కి నాలో దాచిన చోటును తెర మీదికి రప్పించింది. అతను చాలాసేపు ఆ అంకెల వంక చూశాడు. తర్వాత కళ్లజోడు సర్దుకుని, ఊరి పేరు రాయవలసిన గడిలో నెమ్మదిగా రాయడం మొదలుపెట్టాడు. ఆమె ఒక్కొక్క అంకే పలికింది. పదిహేడు డిగ్రీలు. ఇరవై ఎనిమిది పాయింటు ఆరు ఒకటి నాలుగు నిమిషాలు, ఉత్తరం.