తేదీ కలిసినా, వారం కలిసినా

ఒక్క వాక్యం కోసం ఆమె పెద్దాయన గది చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో ఆఫీసంతటికీ తెలుసు. ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే ఆ కంపెనీలో దాన్నెలా వాడాలో చెప్పే మాన్యువళ్ళు రాయడం ఆమె ఉద్యోగం, వాటిని సరేననాల్సింది పైఅధికారి పెద్దాయన. వెనకాల అందరూ ఆమెను చాదస్తం అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఖాతరు చెయ్యదు.

కంప్యూటర్ ఏ పనిని ఎప్పుడు తనంతట తాను చెయ్యాలో ఒక ఫైల్లో రాసిపెడతారు. గంట, తేదీ, నెల, వారం, చివర చెయ్యాల్సిన పని. తేదీ, వారం రెండూ రాస్తే, రెండూ కలిసిన రోజునే ఆ పని జరుగుతుందని బుద్ధున్న మనిషెవరైనా అనుకుంటారు. ఆ మాయదారి యంత్రం మాత్రం తేదీ కలిసినా చేసేస్తుంది, వారం కలిసినా చేసేస్తుంది. ఈ ముక్క మాన్యువల్లో రాస్తే పెద్దాయన కొట్టేశాడు.

“ఇంతమాత్రం తెలియనివాళ్ళు ఆ ఫైలు ముట్టుకోకూడదమ్మా,” అన్నాడు.

ముట్టుకున్నది ఎవరో కాదు, ఆమె ఆడపడుచే. నీళ్ళ సరఫరా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటుంది. గుట్టమీది కాలనీకి నీళ్ళిచ్చే ట్యాంకును నెలనెలా మొదటి సోమవారం ఖాళీ చేసి కడగాలి. పాపం, వదిన రాసిన మాన్యువల్నే పక్కన పెట్టుకుని మరీ, ఒకటి నుంచి ఏడు తేదీలు, సోమవారం అని ఆ ఫైల్లో రాసింది. కొత్త నెల మొదలవగానే ట్యాంకు అడుగు వాల్వు రోజూ తెరుచుకోవడం మొదలైంది. ముందు ఏదో మరమ్మతు అనుకున్నారు. తర్వాత పైపు పగిలిందేమోనని నిక్షేపంలాంటి రోడ్డు తవ్విపోశారు. చివరికి కాలనీ జనం ఖాళీ బకెట్లతో ఆఫీసు మీద పడ్డారు. అప్పుడు ఫైలు తీసి చూసి, అది రాసిన పిల్లను ఇంటికి పంపేశారు.

“ఉద్యోగం పోయేట్టుంది వదినా,” అంది ఆడపడుచు వంటింటి గట్టుకు ఆనుకుని. “మాన్యువల్ చదివావా అన్నారు. చదివానన్నాను. చదివినదానివి ఇలా ఎందుకు రాశావంటున్నారు.”

“అందులో లేనిది నువ్వెలా చదువుతావే?” అని కసిరింది ఆమె. కోపం ఆ పిల్ల మీద కాదు. చేతిలో గిన్నె సింకులోకి విసిరికొట్టింది.

మర్నాడు నిప్పులు కక్కుతూ పెద్దాయన గదిలోకి వెళ్ళింది. ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు.

“మీ వాక్యం పెట్టేద్దామమ్మా. ఇవాళే.”

ఆమె ఒక్క క్షణం మెత్తబడింది.

“మార్పుల పేజీలో మాత్రం అచ్చుతప్పులు దిద్దామని రాయండి చాలు,” అన్నాడాయన. “నీళ్ళ ఆఫీసువాళ్ళు విచారణకని మాన్యువల్ కాపీ అడిగారు. వాక్యం ముందునుంచీ ఉన్నట్టే ఉంటే మన మీదికి రాదు.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ తను దేబిరించి అడిగిన వాక్యంతోనే ఆ పిల్ల గొంతు కోస్తాడట!

“ఆ ఫైలు రాసింది నా ఆడపడుచండీ.”

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. “ఇంటి గొడవలు ఆఫీసులోకి తేకండి,” అన్నాడు.

ఆమె తన సీటుకొచ్చి కూర్చుంది. మాన్యువల్లో వాక్యం పెట్టింది. మార్పుల పేజీలో ఆ రోజు తేదీ వేసి, ఇలా రాసింది: “ఈ విషయం ఇంతకుముందు మాన్యువల్లో లేదు. మాన్యువల్ రాసే ఆమె చేర్చమని అడిగితే పైవాళ్ళు కొట్టేశారు. పాత మాన్యువల్ నమ్మి తప్పుగా రాసినవాళ్ళది తప్పు కాదు.” అందరికీ కనిపించేలా విడుదల చేసి, నీళ్ళ ఆఫీసుకు కాపీ పంపింది.

పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. “తీసెయ్యండి ముందు!”

“మీరే తీసెయ్యండి. ఏం తీశారో, ఎవరు తీశారో అదీ అక్కడ పడుతుంది.”

ఆయన మౌస్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. చుట్టుపక్కల సీట్లలో టైపు చేసే చప్పుడు ఆగిపోయింది.

“మీ ఉద్యోగం పోతుంది, తెలుసా?”

“పోనివ్వండి,” అంది ఆమె. “నేను చేసిన పనికి నాది పోతుంది. మీరు చేసిన పనికి దానిది పోనివ్వను.”