పసుపు పీలికలు

“కొత్త తువ్వాలు చింపినవా? ఇంట్ల పాత గుడ్డలు లెవ్వా?”

యశోద గొంతు పెంచింది. గంగక్క నేలమీద కూర్చొని పసుపు తువ్వాలును వేలెడు వెడల్పున చింపుతూనే ఉంది.

“గట్టి బట్ట, బిడ్డా. ముడి జారదు.”

“దేనికి ముడి?”

తల్లి ఇంకో పీలిక చింపింది. ఆమె బూర్గంపాడు అవతలి అడవి పల్లె నుంచి షార్జా వచ్చి పదిహేను రోజులైంది. మూడు కుటుంబాలు పంచుకున్న ఇంట్లో వీళ్లది ఒక గది. యశోద భర్త రవీందర్ నీళ్ల ట్యాంకర్ తోలుకుని తెల్లవారకముందే వెళ్లాడు.

“బయటకు పోకు,” అని రోజూ చెప్పే మాటే చెప్పి యశోద లాండ్రీకి బయలుదేరింది.

అక్కడ హోటళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేయడం ఆమె పని. ఆవిరికి మోచేతుల దాకా చర్మం ఎర్రబడి పొట్టు లేస్తుంది. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేస్తే పక్కగది కళ్యాణి ఎత్తింది.

“మీ అమ్మ పొద్దున తొమ్మిదికే పోయిందక్కా. నీకు చెప్పే పోయిందనుకున్న.”

యశోద ఇస్త్రీ ఆపేసింది. తల్లికి తెలుగు తప్ప రాదు. పాస్‌పోర్ట్ పెట్టెలో ఉంది. బయట ఎండకు తారు మెత్తబడుతోంది.

పరుగున వచ్చేసరికి గేటు ఊచకు పసుపు పీలిక కనిపించింది. అప్పుడర్థమైంది. బీడీల తునికాకు కోతకు అడవిలో లోతుగా పోయినప్పుడు తల్లి ప్రతి మలుపులో కొమ్మకు పీలిక కట్టేది. తిరుగుదారిలో ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చేది. వాకిట్లో కట్టిన మొదటి ముడి విప్పాకే నెత్తిమీది మూట దించేది.

మందుల దుకాణం ముందు ఇంకొకటి. ఆ తర్వాత ఏమీ లేవు. రోడ్డు ఊడ్చే మనిషి బండిలో, కాగితపు కప్పుల మీద, ఐదు పీలికలున్నాయి. ఎక్కడెక్కడ తీశావని యశోద వచ్చీరాని హిందీలో అడిగింది. అతను భయపడి, చీపురుతోనే దారి చూపించాడు.

బస్‌స్టాప్ వెనక వేపచెట్టు కింద గంగక్క కొంగు కప్పుకొని కూర్చొని ఉంది. పెదవులు పగిలాయి. ఒడిలో వేపరెమ్మలు.

“నా గుర్తులెవడో తీసిండు. ఎటు చూసినా ఒక్కతీరు గోడలే. కదిలితే ఇంకా తప్పిపోతనని కూసున్న.”

“ఎందుకొచ్చినవే అమ్మా?”

“నీ చేతులకు. మొన్న మీతోని బస్సుల పోంగ చూసిన ఈ చెట్టును.”

తిరిగొస్తూ మందుల దుకాణం దగ్గరిదీ గేటు దగ్గరిదీ గంగక్క మరవకుండా విప్పింది. తలుపు దగ్గరకొచ్చేసరికి కళ్లు తిరిగాయి. యశోద పట్టుకుని లోపలికి నడిపించింది.

సాయంత్రం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. యశోద మోచేతులకు వేపాకు ముద్ద ఆరుతోంది.

“అత్తమ్మా, షార్జా అంతా తిరిగొచ్చినవట! నాకు పన్నెండేండ్లయినా తీరలే,” అన్నాడు రవీందర్.

గంగక్క నవ్వింది. యశోద నవ్వలేదు.

“రేపటి నుంచి బయట తాళమేసి పోత.”

గంగక్క చేతిలో ముద్ద ఆగింది.

“నేనేమన్న మేకనా, బిడ్డా?”

ఆమె ముద్ద తిని, నీళ్లు తాగి, అల్లుడి వైపు తిరిగింది.

“టికెట్ ముందుకు జరుపు, అల్లుడా. శుక్రారం పోత.”

వద్దనాలని యశోద నోరు తెరిచింది. గుండెలో ముందుగా కదిలింది మాత్రం ఊరట. మధ్యాహ్నపు భయం కన్నా అది ఎక్కువ భయపెట్టింది. తలవంచుకొని పప్పు కలుపుకుంది.

బయట తలుపు పిడికి మొదటి పీలిక ఇంకా కట్టే ఉంది.