ఖాళీ బండి ఎవరూ ఎక్కరు

మూడో ప్రశ్న ఎడమచేత్తో రాస్తుండగా కిసిలు ఫోనులో ఏడు గంటల అలారం మోగింది. మొదటి రెండూ కుడిచేత్తోనే రాశాడు, ఒకటి నిటారు అక్షరాల్లో, ఒకటి పక్కకి వాలిన అక్షరాల్లో. మూడోది మాత్రం ఎప్పుడూ ఎడమచేత్తోనే. అది బడి మానేసినవాడి ప్రశ్నలా కనపడాలి. ‘ముద్దు పెట్టుకుంటే ఎయిడ్స్ అంటుకుంటుందా?’ అని వంకరటింకరగా రాసి, మూడు కాగితాలూ నాలుగేసి మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తరవాత దిండు పక్కనున్న ప్లాస్టిక్ సీసా తీసి, పైన కుక్కిన దూది లాగి, ఒక బిళ్ళ నోట్లో వేసుకుని పాలు లేని టీతో మింగాడు. దూది మళ్ళీ కుక్కి, సీసానీ జేబులో వేసుకున్నాడు. ఆ సీసాకీ అతనికీ పదిహేనేళ్ళ సంబంధం. పాతబడిన పెళ్ళిలాంటిదే. ప్రేమ గురించి ఎవరూ అడగరు, వేళకి హాజరైతే చాలు.

ఆ రోజు శుక్రవారం. కిసిలు యువకుడిగా ఉండబోయే ఆఖరి రోజు. కెన్యా చట్టం ప్రకారం ముప్ఫై అయిదో ఏడు నిండేదాకానే మనిషి యువకుడు. ఆ తెల్లారి నుంచి ఏమవుతాడో చట్టం చెప్పలేదు.

పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ముందు జుట్టు నుదుటి మీద నుంచి మర్యాదగా వెనక్కి తప్పుకుంది. పదకొండేళ్ళ కిందట ఏదో పథకంవాళ్ళిచ్చిన టీషర్టు వేసుకున్నాడు. దాని మీద ‘భవిష్యత్తు మాదే’ అని ఉండేది. ఉతగ్గా ఉతగ్గా ‘మాదే’ పోయింది. గదిలో ఇరవై మూడు సర్టిఫికెట్లున్నాయి. శిక్షణకి హాజరైనట్టు ఇరవై మూడుసార్లు ధ్రువీకరించారు. అందులో ఒకదాన్ని అద్దం పగిలిన కిటికీకి బిగించాడు. లామినేషన్ చేసింది కాబట్టి వాన లోపలికి రాదు. ఆ శిక్షణ పనికిరాలేదని ఎవరూ అనలేరు.

వారంలో నాలుగు రోజులు కయోలే మార్కెట్లో జుట్టు కత్తిరిస్తాడు. మిగతా రోజులు పేటలోని హెచ్‌ఐవీ క్లినిక్ వెనకాల నీలంరంగు వేసిన పాత ఓడ కంటైనర్లో ఉంటాడు. దాన్ని యూత్ గది అంటారు. ఈడువాళ్ళకి ఈడువాళ్ళే చెబితే బుర్రకెక్కుతుందని పన్నెండేళ్ళ కిందట అతన్ని వలంటీరుగా పెట్టారు. అతని ఈడువాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, బొజ్జలు పెంచి, పిల్లల్ని ఎనిమిదో తరగతికి తెచ్చారు. కిసిలు మాత్రం యూత్‌గానే ఉండిపోయాడు. పేట మొత్తం అతన్ని యూత్ గారనే పిలుస్తుంది.

బళ్ళాగే స్టేజి దగ్గర కండక్టరు ఒగుతు తన మతాతు తలుపు పట్టుకుని వేలాడుతున్నాడు. పద్నాలుగు సీట్ల వ్యాను, లోపల పద్నాలుగూ ఖాళీ.

“ఏం యూత్ గారూ, రేపటితో ముసలాడివైపోతున్నావంటగా! చేతికర్ర కొనుక్కున్నావా?”

“నీ బండి నిండేలోపు కొనుక్కుంటాలే, బోలెడంత టైముంది.”

“నవ్వు, నవ్వు. ఒక ఐదు నిమిషాలు కూర్చుని పోరాదూ? బోణీ కాలేదు.”

“సాయంత్రం వస్తా.”

అది కిసిలు మొదటి ఉద్యోగం. పందొమ్మిదేళ్ళప్పుడు ఇదే స్టేజిలో ఖాళీ మతాతుల్లో కూర్చునేవాడు. టౌనుకి అర్జెంటుగా పోవలసిన మనిషిలా మొహం పెట్టి కిటికీ పక్కన కూర్చోవడం, జనం ఎక్కాక దిగిపోయి వెనక బండిలో కూర్చోవడం. జీతం ఒక టీ, నూనెలో వేయించిన రెండు మాండాజీలు. ఖాళీ బండి ఎవరూ ఎక్కరు, ఒక్కడు కూర్చుంటే పదిమంది ఎక్కుతారు. ఇరవై మూడు శిక్షణల్లోనూ ఇంతకన్నా పెద్ద విషయం అతనికి ఎవరూ నేర్పలేదు.

యూత్ గదిలో ప్రశ్నల డబ్బా పెట్టిన కొత్తలో ఐదు శుక్రవారాలు అది ఖాళీగానే ఉంది. చిలక బొమ్మున్న పెద్ద వనస్పతి డబ్బా. మూతకి కత్తితో చీలిక పెట్టి, పక్కన తాళం బిగించాడు. పేరు రాయనక్కర్లేదు, ఏదైనా అడగొచ్చు అని అరిచి చెప్పినా ఎవరూ అడగలేదు. ఆరో శుక్రవారం తనే మూడు కాగితాలు రాసి వేశాడు. ఏడో వారానికి పదకొండు ప్రశ్నలొచ్చాయి.

అయితే ఈ నెల్లో అతని మనసంతా ఒకే ప్రశ్న మీదుంది. నాలుగు వారాలుగా, లెక్కల పుస్తకంలోంచి చింపిన గళ్ళ కాగితం మీద, ముత్యాల్లాంటి అక్షరాలతో అదే ప్రశ్న వస్తోంది. ‘రోజూ వేసుకునే మందు మానేస్తే ఎన్నాళ్ళకి బయటపడుతుంది?’ నాలుగుసార్లూ అందరి ముందూ జవాబు చెప్పాడు. మొహంలో బయటపడదు, రక్తంలో పడుతుంది, ఆలస్యం చేస్తే అదే మందు మళ్ళీ పనిచేయకపోవచ్చు, ఎవరైనా సరే నా దగ్గరికి రండి అన్నాడు. ఎవరూ రాలేదు. రేపట్నుంచి డబ్బా తాళం తన దగ్గరుండదు. ఆ మనిషెవరో ఇవాళే తేలాలి.

తేలుతుందని అతనికి నమ్మకం. పన్నెండేళ్ళలో ఇంతకన్నా గట్టివాళ్ళనే కూర్చోబెట్టాడు.

కంటైనర్ ముందు కెరూబో అప్పటికే కుర్చీలు వేస్తోంది. ఇరవయ్యేళ్ళ పిల్ల, రేపట్నుంచి అతని స్థానంలో ఉండబోయేది తనే. గలగలా మాట్లాడుతుంది. రెండేళ్ళుగా ఏ ప్రశ్న చదివినా కిసిలు నోరు తెరిచేలోపు జవాబు చెప్పేస్తుంది. “ఒకే మందు, ఒకే వేళ, ఒక్క రోజూ మానకు!” అని చప్పట్లు కొట్టి చెబితే కుర్రాళ్ళు పాటలా అందుకుంటారు.

“అన్నా, ఇవాళ మీరేం పని చేయకూడదు. పెళ్ళికొడుకులా కూర్చోండి,” అంది.

“ఈ వయసులో పిల్లనెవరిస్తారు?”

“అడిగి చూస్తే కదా!”

నర్సు నఫూలా కిటికీలోంచి తల బయటపెట్టింది. “కెరూబో! నిన్న టీ తాగిన కప్పులెవరు కడుగుతారమ్మా? ఆరోగ్యశాఖ మంత్రిగారా?”

పదింటికి అతని వీడ్కోలు సభకి నలభై మంది దాకా చేరారు. ముఖ్య అతిథిగా కెరూబో పెద్దమ్మ వచ్చింది. ఆవిడ పేరు ఎవరికీ తెలీదు, బ్రాండన్ వాళ్ళమ్మ అంటారు. క్లినిక్‌కి పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు దానం చేసిన చర్చి మహిళా సంఘానికి అధ్యక్షురాలు. ప్రతి కుర్చీ వీపు మీదా సంఘం పేరు, దానికన్నా పెద్ద అక్షరాల్లో అధ్యక్షురాలి హోదా, కింద ఫోన్ నంబరు ఉన్నాయి. ఆవిడ రోగుల్ని తోబుట్టువుల్లా చూస్తుంది. టీ మాత్రం ఇంటి దగ్గర్నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటుంది, కప్పుతో సహా. బయటి నీళ్ళు గొంతుకి పడవట.

కిసిలు తాళం తీసి డబ్బా బోర్లించాడు. పద్నాలుగు కాగితాలు. కెరూబో వరసగా జవాబులు చెబుతోంది. ముద్దు ప్రశ్నకి జనం ఈల వేశారు, ఆ పిల్ల తడుముకోకుండా చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. తొమ్మిదో కాగితం గళ్ళది. కిసిలు చదివాడు.

“రోజూ వేసుకునే మందు మానేస్తే...”

“అన్నా, కుర్చీలు చాలట్లేదు, తెస్తాను,” అని కెరూబో లేచి వెళ్ళింది.

కుర్చీలు చాలానే ఉన్నాయి. బ్రాండన్ వాళ్ళమ్మ రెండు ఆక్రమించింది, ఒకటి తనకి, ఒకటి హ్యాండ్‌బ్యాగుకి. అయినా, కుర్రాళ్ళు నేల మీదే కూర్చోవడంతో, ఇంకా నాలుగు మిగిలాయి. కిసిలు చదవడం పూర్తిచేసి, నాలుగు వారాలుగా చెబుతున్న జవాబే చెప్పాడు. చెబుతూ చెబుతూ గుర్తు తెచ్చుకున్నాడు. కిందటి శుక్రవారం ఈ ప్రశ్న దగ్గరే ఆ పిల్ల నీళ్ళ బిందె కోసం వెళ్ళింది. అంతకు ముందు వారం సుద్దముక్క కోసం. ఆ ముందు ఎవరో పిలుస్తున్నారని.

అప్పుడు ముఖ్య అతిథి లేచింది.

“నేనెక్కువ మాట్లాడను,” అని అరగంట మాట్లాడింది. “పిల్లలు చెడిపోయేది దాపరికం వల్ల. మా ఇంటికొచ్చి చూడండి. ఒక్క సొరుక్కి తాళముండదు. రోజూ పొద్దున్నే అందరి బ్యాగులూ నేనే తీసి సర్దుతాను. మా చెల్లెలి కూతురు రెండు నెలల కిందటే మా ఇంటికొచ్చింది, మా అమ్మ పల్లెకెళ్ళిపోతే. ఆ పిల్ల బ్యాగైనా అంతే. పారదర్శకత! దేవుడి దయవల్ల మా ఇంటావంటా ఇలాంటి జబ్బులు లేవు. అయినా వీళ్ళు మనవాళ్ళే.”

అందరూ చప్పట్లు కొట్టారు. కెరూబో అందరికన్నా గట్టిగా కొట్టింది. కిసిలు కొట్టలేదు. అతనికి ఇరవై నాలుగో సర్టిఫికెట్ ఇచ్చారు, గ్రూపు ఫొటో తీశారు. ఫొటోలో బ్రాండన్ వాళ్ళమ్మ మధ్యలో ఉంది, సన్మానం అందుకున్నవాడు అంచున సగం పడ్డాడు.

నాలుగు గంటలకి అందరూ వెళ్ళిపోయాక కిసిలు తాళంచెవులు కెరూబో చేతిలో పెట్టాడు. “స్టేజి దాకా రామ్మా, ఇంకో పని అప్పజెప్పాలి.”

ఒగుతు బండి ఖాళీగానే ఉంది. ఇద్దర్నీ చూడగానే తలుపు బార్లా తెరిచాడు. కిసిలు వెనక సీట్లో కూర్చుని పక్కచోటు చూపించాడు.

“ఎక్కడికన్నా?”

“ఎక్కడికీ కాదు, ఉద్యోగం చేస్తున్నాం. అర్జెంటుగా టౌనుకెళ్ళేదానిలా మొహం పెట్టు.”

కెరూబో నవ్వుతూ కూర్చుంది.

“డబ్బాలో ప్రతి శుక్రవారం మూడు ప్రశ్నలు నావి,” అన్నాడు.

“ఆఁ? ఏవి?”

“ముద్దుది ఒకటి.”

“ముద్దుది మీదా! రెండేళ్ళుగా దానికి నోరు పడిపోయేలా జవాబు చెప్తున్నానన్నా! వీళ్ళ బుర్రకెందుకెక్కట్లేదా అని ఇంటికెళ్ళి బాధపడ్డాను కూడా!”

“బాగా చెప్తావు. ఇవాళ్టికి నాకు పూర్తిగా అర్థమైంది.”

ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. క్యాబేజీల సంచితో ఒకావిడ ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. కిసిలు గొంతు తగ్గించాడు.

“ఇంకోటుంది. నఫూలా సిస్టర్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ఇక్కడ చేరిన రెండో ఏడు నేను మందు మానేశాను. నాలుగు నెలలు. పొద్దున్న కుర్రాళ్ళ ముందు నిలబడి ఒకే వేళకి వేసుకోండ్రా అని చెప్పేవాణ్ణి. ఇంట్లో సీసా మూత తీసేవాణ్ణి కాదు. బాగానే ఉన్నాను కదా అనిపించేది. ఎవరూ కనిపెట్టలేదు. ఎవరైనా కనిపెడితే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి.”

కెరూబో కిటికీలోంచి చూస్తోంది. మరో ఇద్దరు ఎక్కారు. అతను ఇంకా తగ్గించాడు.

“గళ్ళ కాగితం మాత్రం నాది కాదు.”

ఆ పిల్ల తల కిటికీకి ఆనించింది. “చప్పుడన్నా,” అంది. “అమ్మమ్మ దగ్గరున్నప్పుడు బాధ లేదు, ఆవిడకి తెలుసు. పుట్టినప్పట్నుంచీ ఉన్నదేగా. ఇక్కడ నా పడక హాల్లో, గాజు అల్మారా ముందు. బ్యాగు తీస్తే బిళ్ళలు గలగలమంటాయి. పెద్దమ్మ వింటుంది. వారం చూశాను, తరవాత సీసా చెత్తలో పడేశాను. ఏభై రోజులైంది.”

కిసిలు తన సీసా తీసి ఆమె చెవి దగ్గర ఆడించాడు. ఏ చప్పుడూ లేదు. జేబులోంచి సెలూన్ దూది ఉండ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇంతేనా?” అంది, నమ్మలేనట్టు.

“చప్పుడికి ఇంతే. బ్యాగు సర్దే మనిషికి దూది చాలదు. సీసా మా సెలూన్లో పెట్టుకో, దువ్వెనల సొరుగుంది. మొదట సిస్టర్ దగ్గరికెళ్ళు. ఐదింటిదాకా ఉంటుంది. రక్తం తీస్తుంది, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో చెప్తుంది.”

“తిడుతుందా?”

“కప్పులు కడక్కపోతే తిడుతుంది. దీనికి తిట్టదు. నన్ను తిట్టలేదు.”

“రేపట్నుంచి వాళ్ళ ముందు ఎలా నిలబడనన్నా? ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“నిలబడకు. వాళ్ళతో కూర్చో. ముందు మనం కూర్చుంటేనే కదా, వాళ్ళెక్కేది.”

బండి నిండింది. తలుపు దగ్గర ఒక ముసలావిడ, ఆమె వెనక కోడిపుంజుతో ఒకాయన ఎదురుచూస్తున్నారు. ఒగుతు లోపలికి వంగి, “యూత్ గారూ, థాంక్స్! ఇక ఇద్దరూ దిగండి, అసలు ప్యాసింజర్లొచ్చారు,” అన్నాడు.

కెరూబో దిగింది. దూది ఉండ గుప్పిట్లో బిగించి, ఎడమవైపు పెద్దమ్మ వాళ్ళ ఫ్లాట్లకి తిరిగే రోడ్డు దాటి, నేరుగా క్లినిక్ గేటులోకి నడిచింది. నఫూలా కిటికీ తెరిచే ఉంది. కిసిలు అంతదాకా చూశాడు.

“నువ్వు దిగవేంటి గురూ?”

“దిగను. ఈసారి టికెట్టు డబ్బులిస్తాను. కొత్త మిషను కొనాలి, రేపట్నుంచి రోజంతా సెలూనే. కటింగుకొచ్చినవాడు ఎవరూ నా వయసడగడు.”

“ఓరి నీ... ఇన్నేళ్ళు బండి నింపి ఇవాళ ప్రయాణం చేస్తున్నావా!” అని ఒగుతు తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. మతాతు కదిలింది. కెరూబో ఖాళీ చేసిన చోట్లో ముసలావిడ కూర్చుంది, కోడిపుంజు ఆయన తరవాతి బండికి ఆగిపోయాడు.

అయిదున్నరకి కెరూబో మోచేతి మడతలో చిన్న ప్లాస్టరుతో కంటైనర్ దగ్గరికి వచ్చింది. కుర్చీలు లోపల పేర్చింది. కప్పులు కడిగింది. బల్ల దగ్గర కాసేపు కూర్చుని ఏదో రాసి, తలుపు వేసి తాళం పెట్టి వెళ్ళింది. లోపల చీకట్లో బల్ల మీద చిలక బొమ్మ డబ్బా ఉంది, దాని అడుగున, వచ్చే శుక్రవారానికి, ఎడమచేత్తో వంకరటింకరగా రాసిన గళ్ళ కాగితం ఒకటి, నాలుగు మడతలు పెట్టి.