ఆరు గుండీల మాట

మా ఆయనను ఆపరేషన్‌కి తీసుకెళ్లిన రోజు, కాగితంలో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేశాను. తలుపు మూసుకుంది. మనిషి తిరిగి రాలేదు. ఆ తర్వాతే బట్టలు కుట్టుకుంటూ, ఎవరినీ అడగకుండా తెలుగూ, కాస్త ఇంగ్లీషూ చదవడం నేర్చుకున్నాను.

ఇప్పుడు మా తోటికోడలి వంతు. చెయ్యబోయే ఆపరేషన్ పేరు డాక్టరు ముందు రోజే చీటీ మీద రాసిచ్చాడు. ఇంగ్లీషు మాట, గూడ్సు బండంత పొడుగు. ఇంటికొచ్చి పాత ఇంగ్లీషు నిఘంటువు తీశాను. అర్థం కూడా ఇంగ్లీషులోనే ఉంది, నాకు అందలేదు. మాటను ఎక్కడ విరవాలో చుక్కలు, ఎక్కడ గొంతు లేపాలో చిన్న గీత మాత్రం అందులో ఉంటాయి. నాకు కంటికంటే వేళ్ల మీదే నమ్మకం. గుండీల డబ్బా ఒంపి, ముక్కకొకటి దారానికెక్కించాను. కో, లి, సి, స్టెక్, ట, మీ. గొంతు లేపాల్సిన నాలుగోదానికి కోటు గుండీ. మిగతావన్నీ చొక్కా గుండీలే, కొద్దిగా నొక్కి పలకాల్సిన మొదటిది మాత్రం కాస్త పెద్దది.

తోటికోడలు మంచం మీంచి చూసి, "మాటక్కూడా కొలతలు తీస్తున్నావా అక్కా?" అంది.

పొద్దున ఆసుపత్రి వార్డులో నర్సు కాగితం తెచ్చి నా చేతిలో కలం పెట్టింది. దాని మీదా అదే మాట. అంటే ఏమిటని అడిగాను.

"పలకడమే కష్టం పెద్దమ్మా, మీకేం అర్థమవుతుంది? ఇక్కడ పెట్టండి."

దారం తీసి, గుండీ తర్వాత గుండీ జరుపుతూ పలికాను. కోటు గుండీ దగ్గర గొంతు లేపాను. వార్డంతా తిరిగి చూసింది.

"నేను పలికాను. అర్థం చెప్పడం మీ వంతు. అందాకా ఈ కలం కదలదు."

నర్సు మూతి ముడుచుకుని వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన గడియారం చూసుకుంటూ వచ్చి, నా మొహం చూసి స్టూలు లాక్కున్నాడు. కాలేయం కింద చిన్న సంచి బొమ్మ గీసి, అదే పిత్తాశయమని, రాళ్లు చేరాయని, తీసేస్తామని చెప్పాడు. ఏం వికటించవచ్చో కూడా అడిగాను. దాచకుండా చెప్పాడు.

అంతా విన్న తోటికోడలు లేచి కూర్చుంది. "పోయేది నాదైతే సంతకం నీదెందుకక్కా? ఇటియ్యి."

ముందు మాట పలకమన్నాను. గుండీలు పట్టుకుని పలికింది. కోటు గుండీ దగ్గర ఎంత గట్టిగా అందంటే పక్క మంచం ఆవిడ నవ్వేసింది. తర్వాత నిదానంగా తన పేరు రాసి, దారం నా చేతిలో పెట్టింది.

ఆపరేషన్ గది తలుపు దగ్గర దారం గుప్పిట్లో బిగించి నిలబడ్డాను. భయపడకుండా వెళ్లి కూర్చోమంది నర్సు.

"భయపడుతూనే ఇక్కడ నిలబడతాను," అన్నాను.

తలుపు మూసుకుంది. మొదటి గుండీ పట్టుకుని, అవతలికి వినబడేలా పలకడం మొదలుపెట్టాను.