చూద్దాంలే మామ ఇంట్లో ఎర్రరాయి

నువ్వు నమ్మవు. నాకు తెలుసు నువ్వు నమ్మవు. దమ్ముంటే నమ్మి చూపించు. మధ్యలో "అదెలా కుదురుతుందే" అని మెసేజ్ పెట్టావో, బ్లాకే. సరే విను.

మా పై వాటాలో ఉండేది చూద్దాంలే మామ. సిటీ బస్సు డ్రైవరు. పొద్దున్నే యూనిఫాం వేసుకుంటాడు, టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగుతాడు, రోజంతా అదే రూట్లో గింగిరాలు తిరిగి సాయంత్రం అవే మెట్లు ఎక్కుతాడు. వాళ్ళావిడ, అంటే అత్త, కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. బుల్లి స్క్రూడ్రైవర్‌తో ఫ్రేములు బిగించి, కొత్త అద్దాలు ముక్కు మీద పెట్టి "దూరంగా చూడండి" అంటుంది. ఆ దూరంగా ఉండేదేంటంటే, ఎదురు గోడ మీద ఎర్రరాళ్ళ పార్కు ఫోటో. ఇంతింత ఎర్ర బండలు, ఒక బండకి నడిమధ్యన పెద్ద కంత, ఆ కంతలోంచి ఆకాశం. "రాయి కనిపిస్తోందా? అంచు క్లియర్‌గా ఉందా? మసగ్గా ఉన్నా కంగారు పడకండి, సర్దుకుంటుంది." రోజూ ఇదే పాట. ఊళ్ళో కళ్ళజోడున్న ప్రతివాడికీ ఆ కంత చూపించింది. తను మాత్రం వెళ్ళి చూసిందే లేదు.

మామకి ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పాలా? కుళాయి కారుతోందండీ అంటే "చూద్దాంలే". తలుపు మూత పడట్లేదండీ అంటే "చూద్దాంలే". కోపంగా కూడా అనడు, ప్రేమగా అంటాడు, అదే కదా మంట.

అలాగని ప్రయాణాలంటే ఇష్టం లేదా? అబ్బో! మ్యాపు పరిచాడంటే మామని ఆపలేం. బండి ఎక్కడ ఆగుతుంది, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఏ రాయి నీడలో కూర్చుని తినాలి, అన్నీ చెప్పేస్తాడు. తీరా టికెట్ల దగ్గరకొచ్చేసరికి ప్లాను పంక్చర్. ఎందుకో పొట్టికి తెలుసు. పొట్టి అంటే వాళ్ళ కూతురు, నా క్లాసే, నాకంటే పొడుగు. వాళ్ళ నాన్నకి వేరేవాళ్ళు నడిపే బండిలో కూర్చోవడం రాదు. సీట్లో కూర్చోగానే, అక్కడ లేని బ్రేకుని కుడికాలు తొక్కుతూనే ఉంటుంది. చొక్కా తడిసి ముద్దవుతుంది. ఓసారి పెళ్ళికని బయల్దేరి సగం దారిలో దిగిపోయి, కొత్త బట్టల్లో నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడు. కానీ బయటికి ఒప్పుకుంటాడా? పరువు. అందుకే చూద్దాంలే.

ఇంకో సంగతి, ఇది ముఖ్యం. వాళ్ళింట్లో ఎక్కడికి వెళ్దామని ప్లాను వేస్తే అక్కడిది కొంచెం ముందే ఇంటికొచ్చేస్తుంది. కొండలకి వెళ్దామనుకున్నప్పుడు వంటింట్లో మంచు పట్టి అత్త చక్కెర డబ్బా తడుముకుంటూ వెతుక్కుంది. సముద్రం అనుకున్నప్పుడు బాత్రూంలో ఉప్పునీళ్ళు, సబ్బు నురగే రాదు, బకెట్ కింద ఒక పీత కాపురం పెట్టింది. ప్లాను మూలకి పడితే అవీ వాటంతటవే పోయేవి. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మా అమ్మ టైలరు కదా, తనకి ఒక్కటే బాధ, పైనుంచి ఏం కారినా కింద కుట్టే బట్టల మీద పడుతుందని.

ఈసారి మా అమ్మ మెట్ల మీద ఎర్ర దుమ్ము చూసి పైకి కేకేసింది. "ఏం వదినా, ఈసారి ఎక్కడికి?"

"ఎర్రరాళ్ళ పార్కుకి వదినా!"

"అయితే తెల్లబట్టలు లోపల పెట్టుకుంటా."

ఆ తర్వాత చెప్పుల్లో గులకరాళ్ళు. ఆ తర్వాత హాల్లో, సోఫాకీ టీవీకీ మధ్య, టైల్స్ పగలకుండా, ముక్కాలిపీట అంత ఎర్రరాయి. సాయంత్రాలు గోరువెచ్చగా ఉండేది. అత్త దాని మీద తడి సాక్సులు ఆరేసేది. మామకి ఒకటే సంబరం. కాళ్ళు జాపి దాని మీద పెట్టుకుని, "చూశావా, పార్కు కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఇంక బండెక్కడం దేనికి?"

"దీనికి కంత లేదండీ," అంది అత్త.

ఇక్కడ నీకో విషయం అర్థం కావాలి. అత్త ఏదైనా అడగడం మానేసిందంటే అంతే, మళ్ళీ అడగదు. పెళ్ళైన కొత్తలో మామ పాటలు పాడేవాడంట. పాడమని అడుగుతూ ఉంటే చూద్దాంలే, చూద్దాంలే. ఒకరోజు అడగడం మానేసింది. మామ గొంతులోంచి పాటే పోయింది. ఆ తర్వాత ఈల కూడా రాలేదు. పొట్టికి ఇది తెలుసు, అందుకే భయం.

ఆ సాయంత్రం మ్యాపు బల్ల మీద ఉంది. అత్త అడిగింది, "మరి టికెట్లు తీసేద్దామా?"

బల్ల కింద మామ కుడికాలు నేలని తొక్కడం పొట్టి చూసింది. "చూద్దాంలే," అన్నాడు.

అత్త మ్యాపు మడతపెట్టింది. ఆ పని ఎప్పుడూ మామదే, అడ్డదిడ్డంగా మడతపెట్టేవాడు. ఈసారి అత్త ఇస్త్రీ చీరలాగా నీట్‌గా మడిచి అలమారాలో పెట్టేసింది. "సరేలెండి. ఇంక అడగను." గొంతు కూడా పెంచలేదు. తిట్టినా బాగుండేది.

పొట్టి ఏడవబోయింది. సరిగ్గా అప్పుడే కనిపెట్టింది. రాయి మీద ఆరేసిన సాక్సు ఇందాక తన మోకాలి దగ్గరుంది, ఇప్పుడు నడుం దగ్గరుంది.

అత్త అడగడం మానేసింది కాబట్టి ప్లాను మూలకి పడినట్టే, రాయి పోవాలి. కానీ పెరిగింది. ఎప్పుడు పెరిగింది? నాన్న "చూద్దాంలే" అన్నప్పుడు.

అనుమానం తీర్చుకుందామని అడిగింది. "నాన్నా, నాకు కొత్త బూట్లు కొంటావా?"

"చూద్దాంలే."

రాయి జానెడు లేచింది.

వంటింట్లోకి పరిగెత్తింది. "అమ్మా! దానికి మన భాష కొత్తమ్మా! నాన్న కాదంటున్నాడని దానికి తెలీదు. 'చూద్దాం, లే' అంటున్నాడనుకుని లేస్తోంది!"

అత్త గిన్నె తోముతూనే, "పోనీలే, ఇంట్లో ఒక్కరికైనా ఆ మాట మీద నమ్మకముంది," అంది.

అత్త మానేసిన పని పొట్టి ఎత్తుకుంది. అడగడం. నాన్నా, కుక్కపిల్లని తెచ్చుకుందామా? చూద్దాంలే. నాన్నా, గోడలకి ఊదారంగు వేద్దామా? చూద్దాంలే. నాన్నా, నేను జుట్టు గొరిగించుకోనా? ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే చూద్దాంలే. రాయి లేస్తూనే ఉంది. టీవీని మెల్లిగా పక్కకి నెట్టింది, సోఫాని గోడకి ఆనించింది, సీలింగు దగ్గరికొచ్చేసరికి, బస్సులో ముసలాయన కోసం జరిగినట్టు సీలింగే కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. కింద మా అమ్మ కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, "ఆ పిల్ల నోరు ఎవరైనా మూయించండే," అంది.

తెల్లారేసరికి వీధి తలుపుకీ మామకీ మధ్య కొండంత రాయి. మామ యూనిఫాంలో, డబ్బాతో, దాని ముందు నిలబడ్డాడు.

"ఏమేవ్, డ్యూటీకి టైమవుతోంది. తలుపేదీ?"

"అటు పక్కనుంది."

"ఎలా వెళ్ళేది?"

అత్త వంటింటి గడప మీద కూర్చుని కళ్ళజోడు మీద ఎర్ర దుమ్ము తుడుచుకుంటోంది. "ఎక్కి దిగండి," అంది.

మామ గొణుక్కుంటూ ఎక్కాడు. డబ్బా పళ్ళతో పట్టుకున్నాడు, చేతులు ఖాళీగా ఉండాలి కదా. పొట్టి కింద నుంచి చూస్తోంది. మామ రెండు కాళ్ళూ రాయిని వెతుక్కుంటూ పోతున్నాయి, కుడికాలు కూడా. బ్రేకు తొక్కే తీరికే లేదు దానికి. పైకి చేరాడు. ఆగాడు. డబ్బా నోట్లోంచి జారి టంగ్ టంగ్ టంగ్‌మంటూ కిందికొచ్చి అత్త పక్కన ఆగింది.

"దిగారా?" అంది అత్త.

డబ్బా నిలబెట్టి తల పైకెత్తింది.

"ఏవండీ?"

"ఏమేవ్." పైనుంచి చిన్న గొంతు. మామ గొంతు అంత చిన్నగా పొట్టి ఎప్పుడూ విన్లేదు. "కంత ఉంది."

"ఏ కంత?"

"మీ షాపు గోడ మీది కంత. ఇక్కడుంది. దానెనక ఇంకా చాలా బండలున్నాయే. అన్నీ ఎర్రగా... ఎండ పడుతోంది వాటి మీద."

అత్త కదల్లేదు. తుడిచిన అద్దమే మళ్ళీ తుడుస్తోంది. అడగనంది కదా, అడగదు. ఆశపడ్డం కూడా మానేద్దామని గట్టిగా అనుకున్నట్టుంది. పొట్టికి అర్థమైంది. ఇప్పుడు తను అడిగితే లాభం లేదు, ఇది నాన్న అనాల్సిందే.

పైనుంచి ఒక చెయ్యి కిందికి దిగింది. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి.

"చూద్దాం," అన్నాడు మామ. మధ్యలో కాస్త ఆగాడు. "లే."

అత్త లేచింది.

ఆ రోజు బస్సు వేరేవాళ్ళెవరో నడిపారు. వీళ్ళు ముగ్గురూ పైన కూర్చున్నారు, అటువైపు కాళ్ళు వేలాడేసుకుని. ఇంటివైపు కుళాయి కారుతున్న చప్పుడు, అటువైపు గాలి. మామ కొంచెంసేపయ్యాక రాయిని అరచేత్తో తట్టి, "దీన్ని ఎవరూ నడపట్లేదు కదా?" అని అడిగాడు. "లేదు నాన్నా," అంది పొట్టి. "మరైతే ఫర్లేదు," అన్నాడు. కుడికాలు ఊరికే ఊగుతోంది.

పొట్టి వాళ్ళమ్మ వైపు తిరిగి షాపులో గొంతుతో అడిగింది. "దూరంగా చూడండి మేడమ్. రాయి కనిపిస్తోందా? అంచు క్లియర్‌గా ఉందా?"

అత్త కళ్ళజోడు తీసింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"మసగ్గా ఉందే," అంది. "ఆగు. సర్దుకుంటుంది."

సాయంత్రం ముగ్గురూ ఎండకి ముక్కులు కమిలిపోయి దిగారు. మర్నాటికి హాల్లో రాయి లేదు, టీవీ దాని చోటికొచ్చింది, దుమ్ము మాత్రం మా అమ్మ ఇప్పటికీ దులుపుతూనే ఉంది. మామ పేరు మారిందా అంటే లేదు, అందరూ అలాగే పిలుస్తారు. కానీ అత్త మళ్ళీ అడగడం మొదలెట్టింది తెలుసా! మొన్న టీ పోస్తూ పోస్తూ ఏమందో తెలుసా? "ఏవండీ, అప్పుడు సముద్రం అనుకున్నాం కదా, అదేమైంది?" అంది. మామ మ్యాపు కోసం అలమారా తీశాడు, ఈల వేస్తూ తీశాడు, నిజం, నేను మెట్ల మీద నిలబడి విన్నా. ఇక ఆయన నోరు తెరిచి ఏమన్నాడంటే

ఆగు, మా అమ్మ అరుస్తోంది. "ఒసేయ్, మెట్ల మీంచి ఉప్పునీళ్ళు దిగుతున్నాయి, బట్టలన్నీ కిందే ఉన్నాయి! ఆ ఫోను పక్కన పడేసి లే!"