ఎనిమిది మిల్లీమీటర్ల రాయి

నొప్పి వస్తే నేను నిలబడి చదువుతాను. చిక్కడపల్లి లైబ్రరీలో నా చుట్టుపక్కల కూర్చునే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పక్కటెముకలు రెండూ కలిసే చోట, సరిగ్గా నడిమధ్యలో, ఎవరో బొటనవేలితో నొక్కిపట్టినట్టు మొదలవుతుంది. కాసేపటికి కుడివైపు జరుగుతుంది. ఒక్కోసారి వీపులోకి పోతుంది. ఇక కూర్చోవడం నా వల్ల కాదు. పుస్తకం చేత్తో పట్టుకొని గోడవారగా అటూ ఇటూ తిరుగుతుంటాను. "జర ఒక్క దగ్గర కూసో అక్కా, నిన్ను చూస్తుంటే మాకు పరేషాన్ అయితున్నది," అని ఎవరో ఒకరు విసుక్కుంటారు. మీ పరేషాన్ మీరు పడండి, నాది నాకుంది అని నేనూ అనేస్తాను. నొప్పి వచ్చాక నా నోటికి అదుపు తగ్గింది, ఒప్పుకుంటాను.

నా పేరు భాగ్యశ్రీ. ఇరవై తొమ్మిదేళ్ళు. మాది సిరిసిల్ల దగ్గర పల్లె. గ్రూప్స్ కోసం నాలుగేళ్ళుగా అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటున్నాను. ఇన్నేళ్ళలో ప్రిలిమ్స్ దాటింది ఈ ఒక్కసారే. పొద్దున ఐదింటికి లేచి, రెండు గోలీలు టీతో మింగి, ఆరు కాకముందే లైబ్రరీ గేటు దగ్గర లైన్లో నిలబడితేనే ఫ్యాను కింద కుర్చీ దొరుకుతుంది. రోజుకు పన్నెండు గంటలు కూర్చుంటే నడుం ఏమవుతుందో కూర్చున్నవాళ్ళకే తెలుసు. అందుకే మా అమ్మ లక్ష్మవ్వ నెలకోసారి పంపే డబ్బాలో మామిడి పచ్చడి, కారప్పొడి, వాటి పక్కన మా ఊరి ఆర్ఎంపీ కనకయ్య కట్టిచ్చిన నడుం నొప్పి పొట్లాలు ఉంటాయి. అమ్మ బీడీలు చేస్తుంది. చాట ఒళ్ళో పెట్టుకొని పొద్దంతా కూర్చునే ఆమె నడుం నిలబడిందే ఆ పొట్లాల మీద.

మెయిన్స్‌కు యాభై రోజులున్నాయనగా నారాయణగూడలో స్కానింగ్ చేయించుకున్నాను. డాక్టరమ్మ నా కడుపు మీద జెల్ రాసి, తెరవైపు చూస్తూ, "స్టోన్ ఉందమ్మా" అన్నారు. పిత్తాశయంలో, ఎనిమిది మిల్లీమీటర్లు.

నిజం చెప్పనా? సంతోషమేసింది. రెండు నెలలుగా ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు టెన్షన్ అన్నారు, ఇంకొకరు హాస్టల్ పప్పులో సోడా వేస్తారన్నారు. మా రూమ్మేట్ అయితే "ఎగ్జామ్ అయిపోతే నొప్పి గూడ పోతది" అని తేల్చేసింది. ఇప్పుడు రాయి దొరికింది. దానికో కొలత కూడా ఉంది. దొంగ దొరికాడనుకున్నాను.

ఆ రిపోర్టు పట్టుకొని దగ్గర్లోనే ఉన్న ఆస్పత్రికి వెళ్ళాను. సర్జన్ మంచివాడే, కాకపోతే తొందర మనిషి. కుర్చీలో కూర్చోకుండానే రిపోర్టు చూశారు.

"నొప్పి ఉంది, రాయి ఉంది. తీసేద్దాం. చిన్న రంధ్రాలే, రెండో రోజు ఇంటికి పోవచ్చు."

"రాయి తీస్తరా సార్?"

"రాయి ఒక్కటే కాదమ్మా, సంచి మొత్తం తీసేస్తం."

"తీసేస్తే నొప్పి పోతదా?"

"చాలామందికి పోతది."

ఆ 'చాలామంది' దగ్గర నేను ఆగిపోయాను. నాలుగేళ్ళుగా ప్రశ్నపత్రాలు నమిలిన బుర్ర నాది. 'అందరికీ' అని ఉన్న వాక్యం తప్పవుతుందని, 'చాలామందికి' అని ఉన్నది ఒప్పవుతుందని నాకు కంఠతా వచ్చు. కానీ ఆ చాలామందిలో భాగ్యశ్రీ ఉందో లేదో ఏ బిట్టూ చెప్పదు. ఒంట్లో ఒక భాగం తీసి పారేశాక, మళ్ళీ పొద్దున్నే ఆ బొటనవేలు అక్కడే నొక్కితే? తీసింది తిరిగి పెట్టరు కదా. భయం వేసింది. హాస్టల్‌కు వచ్చి రెండు ముద్దలు తిని, అవి కూడా సగంలో వదిలేసి, మేడ మీద తిరుగుతూ కూర్చున్నాను. కూర్చున్నానని మాటవరసకు అంటున్నాను, తిరగడమే.

"ఒక్క కీ చూసి మార్కులు లెక్కవెడ్తమా?" అన్నాడు క్రాంతికుమార్ అన్న. ఎదుటి హాస్టల్లో ఉంటాడు, మూడోసారి మెయిన్స్ రాస్తున్నాడు, మా అందరికీ పెద్దదిక్కు. పరీక్ష రాసి బయటికి రాగానే అశోక్‌నగర్‌లో మేమందరం చేసే పని ఒకటుంది. మూడు కోచింగ్ సెంటర్ల ఆన్సర్ కీలు తెచ్చుకుంటాం. రెండు కీలు ఏ జవాబు చెబితే అదే ఒప్పనుకొని నిద్రపోతాం. "డాక్టర్లకు గూడ గదే లెక్క. ఇంకో ఇద్దరికి చూపియ్యి. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకు. అడిగిన దానికే జవాబు చెప్పు, ఎక్కువ చెప్పినవనుకో, వాళ్ళు కన్ఫ్యూజ్ అయితరు."

నాకు ఇది బ్రహ్మాండంగా నచ్చింది. మధ్యలో రాసిన బ్యాంకు పరీక్షల మైనస్ మార్కులకు అలవాటు పడ్డ ప్రాణం. అడగని దానికి నోరు విప్పడమంటే నాకు మొదటినుంచీ చేతకాదు.

రెండో డాక్టరు చిక్కడపల్లిలో, దమయంతి గారు. డెబ్బై ఏళ్ళుంటాయి. వేళ్ళతో నెమ్మదిగా నొక్కి చూశారు.

"తిన్నంక ఎక్కువైతదా, తినకముందా?"

"పొద్దున్నే మేడం. పరగడుపున. తింటే ఒక్కోసారి తగ్గుతది."

ఆవిడ ముఖం చిట్లించారు. "రాయి నొప్పి అయితే ఎక్కువగ తిన్నంక వస్తది. నూనె వస్తువులు తింటే ఇంకా. ఊకె ఉన్న రాళ్ళు గూడ ఉంటయి బిడ్డా, ఏం చెయ్యవు."

"అయితే ఆపరేషన్ వద్దా?"

"వద్దంటలేను. ఇప్పుడే తెల్వదంటున్న. మందులేమన్న వాడుతున్నవా?"

"లేదు మేడం."

"బీపీ, థైరాయిడ్?"

"ఏం లేవు."

ఎండోస్కోపీ చేయించమని చీటీ రాసిచ్చారు. తెల్వదని చెప్పే డాక్టరు మీద నాకు కోపం వచ్చింది. తెల్వదన్నది నాలుగు ఆప్షన్లలో ఎక్కడా ఉండదు. గొంతులోంచి గొట్టం దించుతారన్న భయం ఒకటి. చీటీని పాలిటీ పుస్తకంలో పెట్టి మూసేశాను. మూడో డాక్టరు రిపోర్టు చూసి తీసేయమన్నారు. రెండుకు ఒకటి. కీ తేలిపోయింది. గురువారం పొద్దున ఆపరేషన్ అని మొదటి సర్జన్ దగ్గరే రాయించుకున్నాను.

కీ తేలిపోతే మనసు కుదుటపడాలి కదా? పడలేదు. ఆ వారమంతా ఒక్క పేజీ ఎక్కలేదు. నారాయణగూడ దాకా నడిచి వెళ్ళడం, ఆస్పత్రి బోర్డు చూడడం, తిరిగి రావడం. క్యాన్సిల్ చేద్దామని ఫోన్ తీయడం, నొప్పి రాగానే జేబులో పెట్టేయడం. నొప్పి లేనప్పుడు సంచి ఉంచుకోవాలనిపించేది, ఉన్నప్పుడు ఈ క్షణమే కోసి పారేయండి అనిపించేది.

బుధవారం అమ్మ వచ్చింది. గురువారం పొద్దున ఆస్పత్రిలో నాకు పచ్చ గౌను తొడిగి, చేతికి సూది గుచ్చి మంచం మీద కూర్చోబెట్టారు. మత్తు డాక్టరు చిన్నామె, పేరు రాగిణి. కాగితం మీద టిక్కులు పెడుతూ వచ్చారు.

"రాత్రి నుంచి ఏం తినలేదు కదా? నీళ్ళు?"

"లేదు మేడం."

పక్కనుంచి అమ్మ అందుకుంది. "మంచినీళ్ళు గూడ తాగలే బిడ్డా. గోలీలే, అవి గూడ ఉత్తగనే మింగింది."

రాగిణి గారి పెన్ను ఆగింది. "ఏం గోలీలు?"

అమ్మ కొంగు ముడి విప్పి ఇంకో పొట్లం ఆమె చేతిలో పెట్టింది. తెల్లకాగితంలో రెండు గోలీలు, ఒకటి తెల్లది, ఒకటి పసుపుది. పేరు లేదు, ఊరు లేదు. రాగిణి గారు వెళ్ళి సర్జన్‌ను పిలుచుకొచ్చారు. ఆయన మొదటిసారి నా ముందు కుర్చీ లాక్కొని కూర్చున్నారు.

"ఎన్ని రోజుల నుంచి వేస్కుంటున్నవ్?"

"రోజూ సార్. ఏడాదయితది."

"పరగడుపున?"

"టీతోని."

"మందులేం వాడుతలేనని రాసిచ్చినవ్ కదమ్మా?"

"ఇవి మందులు కావు సార్. ఇంటికాడినుంచి వస్తయి."

నా నోటినుంచి ఆ మాట వచ్చాక నాకే వినబడింది. అబద్ధం ఆడలేదు. పచ్చడి పక్కన వచ్చేది మందని నాకు ఏనాడూ తట్టలేదు. ముగ్గురు డాక్టర్లకు నేనిచ్చింది సగం ప్రశ్న. సగం ప్రశ్నకు మూడు కీలు తెచ్చుకొని మెజారిటీ లెక్కపెట్టుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఒకటి నొప్పి గోలీ లెక్కనే ఉన్నది. రెండోది ఏందో తెల్వకుండ నీకు మత్తియ్యలేం," అన్నారు సర్జన్. "నొప్పి గోలీలు ఏడాది పరగడుపున వేస్కుంటే పుండ్లు పడ్తయి, ముందుగాల కడుపు లోపల చూడాలె."

బ్యాగులోంచి పాలిటీ పుస్తకం తీసి, దమయంతి గారి చీటీ ఆయన చేతిలో పెట్టాను. ఆయన తేదీ చూసి, చీటీని నా ఫైలులో పెట్టుకున్నారు.

మధ్యాహ్నం గొట్టం దించారు. నేను భయపడినంత ఘోరమేమీ కాదు. కడుపులో రెండు పుండ్లు ఉన్నాయి. కనకయ్య పొట్లాలు ఆ రోజుతో బంద్. ఎనిమిది వారాలు మందులు వాడమన్నారు.

"మరి రాయి సార్?"

"ఉండనీ. పుండ్లు మానినంక గూడ నొప్పి వస్తే అప్పుడు దాని సంగతి చూద్దాం. నొప్పి అంతా వీటిదే అని నేను ఇప్పుడు చెప్పలేను."

మళ్ళీ తెల్వదనే. ఈసారి కోపం రాలేదు. పరీక్ష నిలబడి రాయాల్సి వస్తే నిలబడే రాస్తాను, సంచి మాత్రం నా కడుపులోనే ఉంటుంది.

బయట బెంచీ మీద అమ్మ ఏడుస్తోంది. "నా చేతులతోని నేనే పంపిన. నడుం నొస్తదంటివని, ఎక్కువ కట్టియ్యమని కనకయ్యను బతిమిలాడిన," అంటూ లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. గోడవారగా అటూ ఇటూ తిరగసాగింది. చేయి పక్కటెముకల మధ్యన నొక్కిపట్టుకొని ఉంది. ఆ నడక నాది. ఆ చేయి పెట్టిన చోటు కూడా నాదే.

"అమ్మా, నీకు గూడ నొస్తదా?"

"నొయ్యకుంట ఎట్లుంటది? పొద్దుగాల జర నొస్తది. ఇంత బువ్వ తింటే సల్లబడ్తది."

"ఎప్పటి సంది?"

"నువ్వు ఇంటర్ల చేరినప్పటి సంది."

"ఎవ్వరికన్న చెప్పినవా?"

"ఎవలడిగిండ్రు బిడ్డా?"

లేచి, సర్జన్ గది తలుపు తోసుకొని లోపలికి వెళ్ళాను. ఆయన కాగితాలు సర్దుకుంటూ, ఇంకేమిటన్నట్టు చూశారు.

"ఇంకొక పేషెంట్ ఉన్నది సార్. పేరు లక్ష్మవ్వ, మా అమ్మ. పొద్దున్నే కడుపుల నొస్తదట, పదమూడేండ్ల సంది. గోలీలు వాడుతది సార్, గవే, ఏండ్ల సంది. మీరు అడగకముందే చెప్తున్న."