నిద్రచేసిన హాల్ టికెట్

పొద్దున్నే ఎలిజబెత్‌గారు టీ గ్లాసుతో వీధరుగు మీద కూర్చుంటే, మనవరాలు జెస్సీ పాత వారపత్రికలు చదివి వినిపించేది. అక్కడక్కడా ఖాళీలుండేవి. ఆవిడ ఏ మాట మర్చిపోతే ఆ మాట, ఆ ఇంట్లో నిద్రచేసిన కాగితాలన్నిటి మీంచీ చెరిగిపోయేది. దెందులూరులో అందరికీ తెలుసు. మొన్న జీలకర్ర పోయింది.

"ఖాళీకేసి చూడకు పిల్లా. ముందు మాటని, వెనక మాటని అడుగు."

అలా చదివి చదివి జెస్సీకి తెలియని మాటంటే భయం పోయింది. ఆమె రాయబోయే ఉద్యోగ పరీక్షలో ఇంగ్లీషు మాటల అర్థాల మీద పాతిక ప్రశ్నలుంటాయి.

"వానల్లేవు, కొల్లేరు నెర్రెలిచ్చింది అని పక్కనే ఉంటే, మధ్యలో మాట కరువు కాక ఇంకేంటి మామ్మా!" అని నవ్వేది.

పరీక్ష ముందురోజు ఎలిజబెత్‌గారికి అలమరలో జెస్సీ సర్టిఫికెట్ల ఫైలు కనపడలేదు.

"ఫైలేదే?"

"పక్కింటి చంద్రకళ ఆంటీకిచ్చాను. హాల్ టికెట్ కూడా అందులోనే ఉంది."

"ఎందుకు?"

జెస్సీ మాట్లాడలేదు. ఎలిజబెత్‌గారు ఆ ఖాళీని కూడా చదివేసింది. ముందు, వంచుకున్న తల. వెనక, తడిసిన కళ్ళు. మధ్యలో ఒకటే మాట: మామ్మ నన్ను మర్చిపోతుంది.

"ఎత్తుకుని పెంచినదాన్ని. పొరుగింటావిడ పాటి చేయనా నేను?"

అప్పటికప్పుడు వెళ్ళి ఫైలు తెచ్చి దిండు కింద పెట్టుకుంది.

మర్నాడు ఏలూరులో, పరీక్ష సెంటరు గేటు దగ్గర సెక్యూరిటీ అతను హాల్ టికెట్ తిప్పి తిప్పి చూశాడు.

"ఫొటో ఉంది, నంబరుంది. పేరేదండీ? నోటితో చెబితే కుదరదండీ, కాగితం మీద ఉండాలి. పది నిమిషాల్లో గేటు మూసేస్తాం."

జెస్సీ ఇంటికి ఫోన్ చేసింది.

"మామ్మా, నా పేరేంటి?"

"అదేం అడగడమే పిల్లా, నీ పేరు..."

ఎప్పుడూ పిల్లా అనే పిలిచేది. లోపల పేరు ఎప్పుడు జారిపోయిందో ఆవిడకే తెలియలేదు. ఇన్నేళ్ళూ మోసిన తల ఇంత ద్రోహం చేస్తుందనుకోలేదు. జెస్సీకి ఫోన్లో వెక్కిళ్ళు వినపడ్డాయి.

"ఏడవకు మామ్మా. ముందు మాటని అడుగు. మీ అబ్బాయెవరు?"

"ఆనంద్ పాల్."

"వాళ్ళ పాపకి బాప్తిస్మం రోజున పాస్టరుగారు ఏం పేరమ్మా అనడిగితే?"

"వాడు మీ అమ్మవైపు చూశాడు. మీ అమ్మ నావైపు చూసింది. నేనే చెప్పాను... జెస్సీ అని."

"ఇదిగో, ఉంది కదండీ," అన్నాడు సెక్యూరిటీ అతను కాగితం చూసి. "వెళ్ళండి, వెళ్ళండి."

సాయంత్రం జెస్సీ బస్సు దిగి వచ్చేసరికి, ఎలిజబెత్‌గారు ఫైలు గుండెకి హత్తుకుని చంద్రకళ గుమ్మంలో నిలబడి ఉంది.

"మా ఇంట్లో వద్దమ్మా," అంటోంది, ఫైలు అందిస్తూ. "అక్కడ నేనున్నాను."